క్లస్టర్‌ని పోస్టులో రిపేర్‌కి పంపేవాళ్లు జాగ్రత్త: నా మీటర్ పోయి వేరే బండి మీటర్ వచ్చింది

2003 నుంచి 2006 దాకా వచ్చిన జీఎం కంపెనీ పెద్ద బండ్లు టాహో, సబర్బన్, యూకాన్ సెకండ్ హ్యాండ్‌లో కొని అమెరికాలో నడుపుతున్న మనవాళ్లంతా ఇది చదవండి. ఈ బండ్లలో స్పీడో ముల్లు చావడం మామూలే. క్లస్టర్ (స్టీరింగ్ ముందు మీటర్లన్నీ ఉండే డబ్బా) ఊడదీసి ఆన్‌లైన్ రిపేర్ వాళ్లకి పంపాను. ఇవాళ తిరిగొచ్చింది, బిగించి కీ ఆన్ చేశాను. పంపినప్పుడు లక్షా 48 వేల మైళ్లు. ఇప్పుడు రెండు లక్షల 6 వేలు!

ఫోన్ చేస్తే వాడన్న మాట: "ముళ్లన్నీ తిరుగుతున్నాయి కదా, ఇంకేం కావాలి?" నా క్లస్టర్ ఏదని అడిగాను. ఎక్స్ఛేంజ్ కింద ఉంచేసుకున్నాం అన్నాడు. ఆర్డర్ పేజీలో ఆ ముక్క ఎక్కడా లేదు. మళ్లీ అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు. ఇంకా ఒళ్లు మండుతోంది.

ఈ బండ్లలో ఓడోమీటర్ (బండి మొత్తం తిరిగిన మైళ్ల) లెక్క క్లస్టర్ బోర్డు మీదున్న మెమరీ చిప్‌లో ఉంటుంది. బోర్డు మారితే మీ మైళ్లు పోయినట్టే. రిపేర్ తర్వాత పాత రీడింగ్ నిలబెట్టడం కుదరకపోతే మీటర్‌ని సున్నాకి తెచ్చి, పాత మైళ్లూ మార్చిన తేదీ రాసిన కాగితం డ్రైవర్ వైపు డోర్ ఫ్రేమ్‌కి అంటించాలని అమెరికా ఫెడరల్ చట్టం. వీడు రెండూ చెయ్యలేదు. రేపు బండి అమ్మేటప్పుడు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఏ అంకె రాయాలి?

వెనక మూత తీసి చూస్తే కడుపు మండిపోయింది. ముళ్లని తిప్పే ఆరు చిన్న మోటార్లలో స్పీడోది ఒక్కటే కొత్తది, మిగతా ఐదూ పాతవే. "అన్నీ మార్చాం" అని బిల్లు మీద రాశాడు. కొత్త వాటి మీద ఎక్స్ 27 168 అని ఉంటుంది, చూసి తెలుసుకోవచ్చు.

అసలు జబ్బు ఆ చిన్న స్టెప్పర్ (అడుగు అడుగుగా తిరిగే) మోటార్లదే. లోపల రెండు కాయిల్స్, సన్నటి ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. ముల్లు ఎక్కడుందో క్లస్టర్‌కి తిరిగి చెప్పే ఏర్పాటు లేదు, ఇన్ని అడుగులు వెయ్యి అని పంపడమే. మోటారు అడుగులు తప్పితే బండి ఆగి ఉన్నా ముల్లు 60 దగ్గర నిలబడుతుంది. ఒక్కో మోటారు కొద్ది డాలర్లే. నాలుగు కాళ్ల టంకం తీసి కొత్తది అతికించడమే పని. ముల్లు పీకే ముందు మాత్రం, కరెంటు లేనప్పుడు దాన్ని నెమ్మదిగా వెనక్కి అడ్డు తగిలేదాకా తిప్పి, ఎక్కడ ఆగిందో ఫోటో తీయాలి. మళ్లీ అక్కడే పెట్టకపోతే స్పీడు తప్పు చూపిస్తుంది. క్లస్టర్ బయటికి రావడమూ కష్టం కాదు: హ్యాండ్ బ్రేక్ వేసి, కీ ఆన్‌లో గేరు కిందికి లాగి, స్టీరింగ్ దించి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ లాగితే నాలుగు 7 ఎంఎం స్క్రూలు, వెనక ఒక కనెక్టర్. ఇది నేనే చేసుకోవాల్సింది. బద్ధకించి పంపాను, అదే నా తప్పు.

ఎవరికీ పంపే ముందు ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ లెక్కలు చదివే పరికరం) పెట్టండి. స్పీడు, ఆర్పీఎం, కూలెంట్ వేడి స్కానర్‌లో సరిగ్గా ఉండి ముల్లు తప్పితే మోటారు. స్కానర్‌లోనూ తప్పితే సెన్సరో వైరో. ముళ్లన్నీ ఒక్కసారే పడిపోతే మోటార్లని అనుమానించకండి, ఫ్యూజు, గ్రౌండ్, ఇగ్నిషన్ స్విచ్ చూడండి. ఫ్యూయల్ ముల్లు ఒక్కటే ఉన్నట్టుండి ఖాళీకి దిగితే చాలాసార్లు అది ట్యాంకులో ఇంధనం ఎంతుందో కొలిచే సెండర్.

ఆయిల్ ప్రెషర్ ముల్లుతో మాత్రం ఆటలొద్దు. "ఈ బండ్లలో అది అంతే" అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి. సున్నా చూపిస్తే ఇంజన్ ఆపేయండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాల భాగం) వెనక ఉండే సెన్సర్ చెడిపోవడం మామూలే, కానీ ఆయిల్‌ని పంపుకి అందించే పికప్ గొట్టం ఓ-రింగ్ (రబ్బరు సీలు) పోయినా ముల్లు అలాగే పడుతుంది, అప్పుడు ఇంజనే పోతుంది. సెన్సర్ విప్పి, ఎం16 × 1.5 మరకు సరిపోయే అడాప్టర్‌తో మెకానికల్ గేజ్ బిగించండి. ఇంజన్ వేడెక్కాక 1000 ఆర్పీఎం దగ్గర కనీసం 6 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), 2000 దగ్గర 18, 4000 దగ్గర 24 రావాలి. అంతకు తగ్గితే బండి నడపకండి.

పంపక తప్పదంటే ఓడోమీటర్, ఇంజన్ అవర్స్ (ఇంజన్ తిరిగిన గంటలు) ఫోటో తీసుకోండి, బోర్డు మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి, "నా బోర్డే తిరిగొస్తుందా" అని మెయిల్‌లో రాయించుకోండి. క్రెడిట్ కార్డుతో కట్టండి. ఇప్పటికే మారిపోయి వస్తే ఆ క్లస్టర్ రీడింగ్ ఎవరిచేతా దిద్దించకండి, కార్డు కంపెనీ దగ్గర పెట్టిన ఫిర్యాదు (డిస్ప్యూట్) తేలేదాకా మీ దగ్గరున్న సాక్ష్యం అదే.