నరాల సూదా, మాత్రా: ఏది మేలు?

మా అమ్మది పత్తికొండ. ఒకరోజు కాలి చెప్పు జారిపోయినా తెలియక వాకిలి దాకా ఒంటి చెప్పుతో నడిచొచ్చింది. అరికాళ్ల తిమ్మిర్లు అంతకు ఏడాది ముందు నుంచే ఉన్నాయి. షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆ మాత్ర వల్ల ఒంట్లో నరాలకు కావల్సిన బీ12 విటమిన్ తగ్గొచ్చని మాకు తెలియదు. ఊళ్లో ఆర్‌ఎంపీ "నరాల బలహీనత" అని వారం వారం సూది వేశాడు. మందు ముందే సిరంజిలోకి ఎక్కించి తెచ్చేవాడు.

కర్నూలులో రక్తపరీక్ష చేయిస్తే బీ12 బాగా తక్కువగా వచ్చింది. అన్ని సూదులు వేయించుకున్నాక కూడా! షుగర్ మాత్రం పెరిగి ఉంది. సూదిలో స్టెరాయిడ్ కలిపితే అలా పెరుగుతుందట.

మరి బీ12కు సూది మంచిదా, మాత్రా? లోపం ఉండి, తిమ్మిర్లు, నడకలో తూలడం లాంటివి మొదలైతే ముందు సూదే. ఆలస్యమైతే నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఆ లక్షణాలు లేకుండా లోపం మాత్రమే ఉంటే చాలామందికి మాత్ర సరిపోతుంది. మన ఒంటికి రోజుకు కావల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. పేగులు సరిగా పీల్చుకోని వాళ్లకు కూడా 1000 మైక్రోగ్రాముల మాత్రలో ఒక శాతం దాకా ఒంటికి పడుతుంది. సూది తప్ప ఏదీ పనిచేయదనే నమ్మకం మన వైపు ఎక్కువ, అది సరికాదు.

ఏదైనా సరే, పరీక్ష ముందు. బీ12 సూది పడ్డాక చేయిస్తే లెక్క ఎక్కువ చూపించి లోపం దాగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, లోపల నరం దెబ్బతింటూనే ఉంటుంది.

సూదికి ఇంకో భయం ఉంది. పిరుదు మీద తప్పు చోట పొడిస్తే తుంటి నరం దెబ్బతిని పాదం వాలిపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, కండలోకి రక్తం కారి గడ్డలా చేరొచ్చు. మాత్రకు ఈ బాధలేవీ లేవు. రోజూ మరిచిపోకుండా వేసుకోవాలి, అంతే.

అమ్మకు డాక్టర్ మొదట సూదులు, తర్వాత మాత్రలు రాశారు. మెట్‌ఫార్మిన్ ఆపలేదు. మొదటి రోజు నర్సమ్మ మా ముందే ముదురు గోధుమ రంగు ఆంపూల్ విరిచింది. వెలుతురు తగిలితే మందు చెడుతుందని ఆ రంగు గాజట. లోపల మందు ఎర్రగా ఉంది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇంత ఎర్రగా ఉంటుందా! ఊళ్లో ఆ ఆర్‌ఎంపీ వేసింది నీళ్లలా ఉండేది" అంది.