లోపాలన్నీ ముందే చెప్పి కుక్కనిచ్చారు: తిరుపతిలో బుల్ టెర్రియర్ దత్తత

తిరుచానూరు దగ్గర ఒక అమ్మాయి, వాళ్లమ్మ కలిసి ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఈ పని చేస్తున్నారు. యజమానులు వదిలేసిన జాతి కుక్కల్ని తెచ్చి, వైద్యం చేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, కుదిరిన ఇంటికి దత్తత ఇస్తారు. బోర్డు లేదు. పేరు, చిరునామా రాయొద్దని వాళ్లే అడిగారు. తెలిస్తే రాత్రికి రాత్రి గేటుకు కుక్కను కట్టేసి పోయేవాళ్లు ఉన్నారట. తిరుపతిలో పశువుల డాక్టర్లను అడిగితే దారి చెబుతారు. వాళ్ల దగ్గర్నుంచి మల్లి అనే తెల్ల బుల్ టెర్రియర్‌ను తెచ్చుకున్నాం. ఎండాకాలం, వానాకాలం రెండూ దాటించాక ఇది రాస్తున్నాను.

మాది చిత్తూరు పక్కన పల్లె. జెర్సీ ఆవులున్నాయి, పాలు కేంద్రానికి పోస్తాం. తరాలుగా పశువుల్ని కొంటున్న ఇల్లు మాది. ఆవు ఎన్ని లీటర్లిస్తుందో పెంచి చెప్పేవాళ్లనే చూశాను గానీ, ఒక చన్ను పనిచేయదని ముందుగా చెప్పి అమ్మినవాళ్లను చూడలేదు. ఈ అమ్మాయి మొదటి ఫోన్‌లోనే మొత్తం చెప్పేసింది. "అక్కా, దానికి రెండు చెవులూ వినపడవు. కోడి కనపడితే ఆగదు. ఎండకు చర్మం కాలుతుంది. నోటికి దొరికింది మింగేస్తుంది. ఇంత విన్నాక కూడా కావాలనిపిస్తే రండి." నాకు నమ్మకం కుదిరింది ఆ మాటలతోనే. ఈ సేవలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది కూడా దానికే.

వెళ్లిన రోజే కుక్కను ఇచ్చి పంపరు. మొదట మనం వెళ్లి దానితో కూర్చోవాలి. తర్వాత వాళ్లు మన ఇంటికి వస్తారు. ఆ అమ్మాయి తిరుపతి నుంచి బస్సులో వచ్చి, కాఫీ కూడా ముట్టుకోకుండా ముందు ప్రహరీ చుట్టూ తిరిగింది. రేకు గేటు కింద సందు చూసి "ఇది మూయించండి" అంది. నాటుకోళ్లకు వేరే కంచె వేసేదాకా కుక్కను ఇవ్వనని చెప్పింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, చిన్నపిల్లలు వచ్చిపోతుంటారా, మా అత్తమ్మకు కుక్కలంటే భయమా అని అడిగింది. అత్తమ్మ సంగతి నన్ను అడగలేదు, నేరుగా ఆమె దగ్గరే కూర్చుని అడిగింది. "అవ్వా, రోజూ మీతోనే ఉండేది అది. మీకు వద్దంటే ఇవ్వను" అంది. అత్తమ్మ ఒప్పుకున్నాకే కాగితం మీద సంతకాలు. ఎప్పుడైనా పెంచలేమనిపిస్తే ఇంకెవరికీ ఇవ్వకుండా తిరిగి వాళ్లకే అప్పగించాలనేది అందులో మొదటి షరతు.

ఊళ్లో ఇప్పటికీ "పిట్‌బుల్ తెచ్చినారంట కదా" అని అడుగుతారు. ఇది పిట్‌బుల్ కాదు. పక్క నుంచి చూడండి: రెండు చెవుల మధ్య నుంచి ముక్కు కొస దాకా ఎక్కడా పల్లం లేకుండా ఒకటే వంపు. కోడిగుడ్డు ఆకారం అంటే అదే. కళ్లు చిన్నగా, మూడు మూలలుగా, లోపలికి ఉంటాయి. బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ హింక్స్ అనే ఆయన 19వ శతాబ్దం మధ్యలో బుల్‌డాగ్‌ను, ఇప్పుడు కనుమరుగైన తెల్ల ఇంగ్లీష్ టెర్రియర్‌ను కలిపి ఈ జాతిని తీశాడు. డాల్మేషియన్ రక్తం కూడా ఉందంటారు. మన దగ్గర ఇంకో తికమక కూడా ఉంది. పంజాబ్ వైపు నుంచి వచ్చిన గల్ టెర్రియర్ కూడా తెల్లగా, నిక్కబొడుచుకున్న చెవులతో ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు తెలియనివాళ్లకు రెండూ ఒకటే. మా పెద్దమ్మ కొడుకు ఫోన్‌లో ప్రకటన చూసి, బుల్ టెర్రియర్ అనుకుని ముప్పై అయిదు వేలిచ్చి తెచ్చుకున్నది గల్ టెర్రియరే. అదీ మంచి కుక్కే, వాడికి ప్రాణం. కానీ డబ్బు తీసుకున్న మనిషి మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ కొన్ని జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ పంపింది. ఆ జాబితాలో పిట్‌బుల్‌తో పాటు టెర్రియర్లు అన్న మాట కూడా ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. కానీ ఈ లోపల భయపడినవాళ్లు భయపడ్డారు. మల్లిని పెంచినవాళ్లు ఆ రోజుల్లోనే దాన్ని తెచ్చి అప్పగించి వెళ్లారట. ఏ తప్పూ చేయని కుక్క, పేపర్లో వచ్చిన ఒక మాట వల్ల ఇల్లు పోగొట్టుకుంది. తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

చెవుడు సంగతి వివరంగా రాయాలి. తెల్ల బుల్ టెర్రియర్లలో సుమారు అయిదింట ఒకదానికి ఒక చెవిలోనో, రెంటిలోనో వినికిడి ఉండదు. రంగు కుక్కల్లో అది నూటికి ఒకటి వరకే. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి, అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాలకే వినికిడి పోతుంది. దీనికి మందు లేదు. వెనక నుంచి పళ్లెం కొట్టి చూడటం నమ్మదగిన పరీక్ష కాదని ఆ అమ్మాయే చెప్పింది. నేల అదురు కాళ్లకు తెలుస్తుంది, గాలి కదిలినా తిరిగి చూస్తుంది. ఒక చెవి మాత్రమే పోయిన కుక్కను ఇంట్లో ఎవరూ పట్టుకోలేరు. తల మీద చిన్న తీగలు పెట్టి, శబ్దానికి మెదడు స్పందిస్తుందా లేదా చూసే బేర్ అనే పరీక్ష ఒక్కటే తేల్చి చెబుతుంది. మల్లికి అది చేయించిన రిపోర్టు ఫైల్లో పెట్టి ఇచ్చారు.

ఇచ్చే ముందు సైగలు నేర్పించారు, దానికి కాదు, మాకు. అది అప్పటికే నేర్చుకుని ఉంది. అరచెయ్యి పైకెత్తితే కూర్చోవడం, రెండు చేతులూ చాచి గుండె దగ్గరికి తెచ్చుకుంటే రావడం, బొటనవేలు చూపిస్తే శభాష్. రాత్రి పెరట్లో ఉంటే వరండా లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే ఇంట్లోకి వస్తుంది. నిద్రలో ఉన్నప్పుడు నేరుగా ముట్టుకోకూడదు. ముక్కు ముందు చెయ్యి పెడితే వాసనకు కళ్లు తెరుస్తుంది, అప్పుడు నిమరాలి. చెవిటి కుక్క కరుస్తుందని అనేవాళ్లు సాధారణంగా ఈ ఒక్కటి తెలియక అంటారు. మా అత్తమ్మకు సైగలు నాకన్నా ముందే వచ్చేశాయి. గేటు దాటితే మాత్రం పట్టీ వదిలే ప్రసక్తి లేదు, లారీ హారన్ దానికి వినపడదు. దీపావళికి వీధి కుక్కలన్నీ వణికిపోతుంటే మల్లి మంచం కింద హాయిగా నిద్రపోయింది.

ఫైల్లో నాకు బాగా పనికొచ్చిన కాగితం మూత్రపరీక్షది. ఈ జాతికి మూత్రపిండాల జబ్బులు వంశంలో వస్తాయి. మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో, మూత్రంలోనే ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చి ఒక నిష్పత్తి చెబుతారు, అది 0.3 లోపు ఉండాలి. మల్లిది ఉంది. ఏటా ఒకసారి ఆ పరీక్ష, గుండె చప్పుడు వినిపించడం తప్పవని చెప్పారు, గుండె కవాటాల జబ్బు కూడా వీటిలో ఉంది కాబట్టి. మేం తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. 1955లో పెట్టిన కాలేజీ అది, మా ఆవుల వల్ల మా మామయ్య కాలం నుంచే తెలిసిన చోటు.

మూత్రపిండాల గురించి చెప్పినప్పుడే ఆ అమ్మాయి ఇంకో మాటంది: "అక్కా, కొండ నుంచి ఎవరు లడ్డూ తెచ్చినా దీనికి పెట్టొద్దు." మా వైపు తిరుమల పోయి రాని ఇల్లుండదు, వచ్చినవాళ్లు ప్రసాదం కదా అని కుక్క నోట్లోనూ ఒక తుంపు పెడతారు. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కొన్నిటికి కొద్దిగా తిన్నా ప్రమాదమే. భక్తితో పెట్టేవాళ్ల చెయ్యి ఆపడం కష్టం. అందుకే ఇంటికొచ్చినవాళ్లకు నేను గుమ్మంలోనే చెప్పేస్తాను. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కూడా అంతే, పెట్టకూడదు.

తర్వాత మామిడి టెంక. బుల్ టెర్రియర్ నమిలి ఊసేసే రకం కాదు, మింగేస్తుంది. జూన్, జూలైలలో మా వైపు తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి, దారి పొడుగునా టెంకలే. టెంక పేగులో అడ్డం పడితే ఆపరేషనే గతి. ఆ రెండు నెలలు గాలి ఆడే ప్లాస్టిక్ చిక్కం మూతికి కట్టి తిప్పమన్నారు, అదే చేశాం. నోరు తెరిచి రొప్పడానికి వీలుండాలి, గట్టిగా బిగుసుకునే గుడ్డది వద్దు.

ఎండ విషయం పొట్టిగా చెబుతాను. ముక్కు మీద, చెవుల కొసల మీద, పొట్ట కింద రోమాలు పలచన, చర్మం గులాబీ రంగు. అక్కడ మళ్లీ మళ్లీ కాలితే క్యాన్సర్‌కు దారి తీస్తుంది. రోహిణి కార్తెలో పొద్దు పొడవక ముందే నడిపించి తెచ్చేస్తాం. సాయంత్రమైతే రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూసి బయలుదేరతాం. వయ్యారిభామ ఉన్న గట్ల మీదికి తీసుకెళ్లం, ఈ జాతికి దురదలు, అలర్జీలు ఎక్కువ. ఆవులున్న ఇల్లు కాబట్టి గోమార్ల గురించి ప్రత్యేకంగా చెప్పారు: కుక్క మీది గోమారి వేరు, అది గోడ పగుళ్లలో దాక్కుంటుంది, దాని వల్ల వచ్చే జ్వరం రక్తాన్ని తోడేస్తుంది. ఆవులకు కొట్టే మందును కుక్కకు కొట్టకుండా డాక్టరు రాసిచ్చిన మాత్రే వాడాలి. చిగుళ్లు తెల్లబడినా, తిండి మానేసినా వెంటనే రక్తపరీక్ష.

ఇక నచ్చనివి. పదిహేను రోజులు చూసుకుని వద్దనుకుంటే తిరిగి ఇవ్వొచ్చంటారు. ఈ జాతికి ఆ గడువు చాలదు. మల్లి మూడో వారంలో తన తోకను తానే తరుముతూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అడ్డం వచ్చినా ఆగేది కాదు. బుల్ టెర్రియర్లలో ఇది పేరు పడిన సమస్య. కొత్త ఇల్లు ఇచ్చిన టెన్షన్, చేతినిండా పని లేకపోవడం దీన్ని పెంచుతాయి, ఒక్కోసారి చర్మం దురదో, మూర్ఛ లాంటిదో కారణం కావచ్చు కాబట్టి డాక్టరుకు చూపించాలి. ఫోన్ చేసి అడిగితే ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, కానీ ఈ ఒక్కటి మొదటి ఫోన్‌లో చెప్పిన జాబితాలో లేదు. అక్కడ ఉన్నన్నాళ్లూ చుట్టూ కుక్కలుండి మల్లి అలా చేయలేదట. అయినా జాతికి ఉన్న అలవాటును చెప్పి ఉండాల్సింది, గడువు నెల పెట్టాల్సింది. నవ్వడం, వీడియో తీయడం మానేసి, తిరగడం మొదలవగానే సైగతో వేరే పనిలో పెట్టడం, గోనెసంచుల మడతల్లో ఉడికిన చికెన్ ముక్కలు దాచి వెతికించడం, పొద్దున సాయంత్రం గట్టి నడక. వీటితో చాలావరకు తగ్గింది. చుట్టాలొచ్చిన రోజు మళ్లీ తిరుగుతుంది.

టీకాల కార్డు మీద రేబిస్ టీకా తేదీ చదవడానికి రాలేదు, మేం మళ్లీ వేయించాం. తిండి చార్టు మొత్తం ప్యాకెట్ తిండితో రాసింది, పల్లెలో అది దొరకదు, నెలకయ్యే ఖర్చూ ఎక్కువ. డాక్టరును అడిగి అన్నం, చికెన్, గుడ్డు, గుమ్మడికాయతో మార్చుకున్నాం. రాత్రి ఏడు దాటితే ఫోన్ ఎత్తరు. ఇద్దరే అన్ని కుక్కల్ని చూసుకుంటున్నారు కాబట్టి దాన్ని నేను పట్టించుకోను. కొత్తగా పెంచేవాళ్లకు మాత్రం మొదటి వారం ఇబ్బందిగానే ఉంటుంది, దగ్గర్లోని డాక్టరు నంబరు ముందే రాసి పెట్టుకోండి.

ఖర్చు: కుక్కకు డబ్బు తీసుకోరు. ఆపరేషన్, టీకాలు, పరీక్షల్లో కొంత భాగం అడిగారు, మాకు నాలుగు వేలైంది. రసీదు ఇవ్వలేదు, చీటీ మీద రాసిచ్చారు. ఇంట్లో నడక నేర్చే పిల్లలుంటే ఈ జాతిని ఇవ్వరు. ఇరవై అయిదు కేజీల కండ ఆట కోసం దూకినా పిల్లలు తట్టుకోలేరు. పగలంతా తాళం వేసి ఉండే ఇంటికీ ఇవ్వరు. వాదించకండి, వాళ్లు చెప్పేది నిజం. వెళ్లేటప్పుడు ఛాతీకి తొడిగే పట్టీ కొని తీసుకెళ్లండి, వాళ్లిచ్చే మెడ పట్టీ పాతది. బస్సును నమ్ముకోకుండా సొంత బండి మాట్లాడుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి, ఆ అమ్మాయి ముందు వాళ్లతోనే మాట్లాడుతుంది.