మంచు బొమ్మ బటన్‌తో ఆరేళ్లు

మైక్రోవేవ్ కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఒకటే: మంచు బొమ్మ ఉన్న బటన్‌ను చూసి మాత్రం కొనకండి. నాది ఇరవై లీటర్ల సాదా రకం, 2019లో కొన్నాను. పాలు కాచడం, అప్పడాలు కాల్చడం లాంటివి అన్నీ బాగానే చేస్తుంది, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. నా గొడవంతా ఆ బటన్‌తోనే, అంటే గడ్డకట్టినదాన్ని కరిగించాల్సిన డీఫ్రాస్ట్‌తోనే.

హైదరాబాద్‌లో ఒక్కడినే ఉంటాను. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. అమ్మ రెండు నెలలకోసారి రాజమండ్రి నుంచి వచ్చి వారం రోజులుంటుంది. వెళ్లేముందు పప్పు, సాంబారు, కైమా కూర వండి డబ్బాలకెత్తి ఫ్రీజర్ నింపుతుంది. అంటే నా రాత్రి భోజనం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, కాకపోతే బండరాయి రూపంలో. అప్పటికి కడుపు నకనకలాడుతూ ఉంటుంది.

కొన్న కొత్తలో ఈ బటన్‌ను తెగ మెచ్చుకున్నాను. నా మాట విని ఇద్దరు స్నేహితులు ఇలాంటిదే కొన్నారు కూడా. అప్పుడు నేను కరిగిస్తున్నవి బ్రెడ్డు ముక్కలు, కొబ్బరి తురుము. పల్చటివి, చిన్నవి. వాటిని ఏ యంత్రమైనా కరిగిస్తుందని తర్వాత తెలిసింది.

తెలిసింది ఒక శుక్రవారం రాత్రి. అర కిలో కోడి మాంసం, కొట్టువాడు కవర్లో కట్టి ఇచ్చింది ఇచ్చినట్టే ఫ్రీజర్‌లో పడేశాను. గడ్డకట్టి కొబ్బరికాయంత ఉండయింది. బరువు అడిగితే ఐదు వందలు నొక్కి, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. బీప్ మని పిలిచింది. తలుపు తీస్తే ఉడికిన మాంసం వాసన! అంచుల్లో ముక్కలు తెల్లగా ఉడికిపోయి, రెక్క చివర తోలులా బిగుసుకుపోయింది. ఆ పైపొర కింద వేలు పెడితే చల్లటి జారుడు, ఇంకా లోపల రాయి. చెంచాతో విడదీయబోతే చెంచా వంగింది. మళ్లీ నాలుగు నిమిషాలు పెట్టాను. ఉడికింది ఇంకా ఉడికింది, రాయి రాయిగానే ఉంది. అలా సగం వేడెక్కిన మాంసాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, వెంటనే వండేయాలి. మొత్తాన్నీ కుక్కర్లో పడేసి, పక్కన ఆవకాయ వేసుకుని పెరుగన్నం తిన్నాను. కూర తయారయ్యేసరికి పన్నెండున్నర. ఆకలి లేదు.

మర్నాడు ఫోనులో చెబితే అమ్మ నవ్వింది. "ఆకలేసినప్పుడు మాంసం జోలికి పోకూడదురా. గుడ్డు కొట్టుకోవాల్సింది."

తప్పు నాదా, బటన్‌దా అని కొన్నాళ్లు దాని ముందు నిలబడి విన్నాను. ఎనిమిది తొమ్మిది సెకన్లు హోరు, తర్వాత ఇరవై సెకన్లు ఫ్యాను చప్పుడు మాత్రమే, మళ్లీ హోరు. సాదా రకాల్లో తక్కువ శక్తి అంటే నిజంగా మంట తగ్గించడం కాదు, పూర్తి మంటను వేసి ఆర్పడం. ఆర్పిన ఆ కాసేపట్లో వేడి లోపలికి పాకాలని దాని ఆశ. కానీ గడ్డకట్టిన మంచు ఈ తరంగాలను పెద్దగా పీల్చుకోదు, కరిగిన నీరు ఆబగా పీల్చుకుంటుంది. అంచులో ఒక్క చుక్క కరిగితే చాలు, వేడంతా అక్కడికే పరుగెత్తుతుంది. పైగా బరువు తప్ప ఆకారం అడగదు కదా! అర కిలో ఉండకూ, అర కిలో పల్చటి పలకకూ దానికి తేడా తెలియదు. నిజానికి ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

దాంతో మెషీన్ మీద కోపం తీర్చుకోవడానికి వంటింట్లోనే వెతికాను. దొరికింది దోశల పెనం. నాన్‌స్టిక్ పూత కింద ఉండేది మందపాటి అల్యూమినియం. స్టీలు పళ్లెం కన్నా అది వేడిని పది రెట్లకు పైగా బాగా చేరవేస్తుంది. ఇప్పుడు మాంసం తెచ్చిన రోజే జిప్ కవర్లో వేసి, అరచేతితో అదిమి, వేలి మందం పలకలా చేసి ఫ్రీజర్‌లో పరుస్తాను. ఇంటికి రాగానే పలకను పొయ్యి వెలిగించని పెనం మీద వేసి స్నానానికి వెళ్తాను. నాలుగైదు నిమిషాలకే కింద పెనం మంచులా చల్లబడి, దాని వెనక చెమట పడుతుంది. మధ్యలో ఒకసారి తిప్పితే, అన్నం ఉడికేలోగా కైమా వేళ్లతో విరిగిపోతుంది. చేపలకైతే కవరు గట్టిగా బిగించి చన్నీళ్ల గిన్నెలో ముంచుతాను. కరగడానికి ఎక్కువసేపు పడితే అరగంటకోసారి నీళ్లు మారుస్తాను. వేడినీళ్లు మాత్రం పోయకండి, అంచులు మళ్లీ పాత కథే.

ఇంత తిట్టాను కాబట్టి న్యాయంగా ఒక మాట. పప్పు విషయంలో మైక్రోవేవ్‌ను మించింది లేదు. డీఫ్రాస్ట్ ముట్టుకోకుండా, గాజు గిన్నెలో రెండు చెంచాల నీళ్లు పోసి, మూత వారగా పెట్టి, మామూలు శక్తితో నిమిషంన్నరకోసారి ఆపి గరిటెతో పొడుస్తూ ఉంటే ఆరు నిమిషాల్లో పొగలు కక్కుతుంది. ఇడ్లీలైతే నీళ్లు చల్లి మూత పెడితే తాజావాటిలాగే ఉంటాయి అని ఒకప్పుడు రాశాను. ఉంటాయి, ఐదు నిమిషాల్లోపు తినేస్తే. ఫోను మాట్లాడుతూ తింటే చివరి ఇడ్లీ రబ్బరే. సాంబారులో బంగాళాదుంప ఫ్రీజర్‌లో స్పాంజిలా అయిపోతుంది, దానికి ఈ మెషీన్ బాధ్యురాలు కాదు. ఈసారి వేయవద్దని అమ్మకు చెప్పాను, "దుంప లేని సాంబారేమిటి" అని వేసింది.

రేపటి వంట గురించి ఇవాళే ఆలోచించే ఇల్లైతే మాంసాన్ని ముందు రోజే ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకుంటారు, వాళ్లకు నా గోల ఏమీ పట్టదు. పెద్ద కుటుంబం, కిలోల లెక్కన వండేవాళ్లకు నా పెనం సరిపోదు కూడా. ఇన్వర్టర్ రకం మైక్రోవేవ్‌లు ఆపకుండా సన్నటి శక్తితో నడుస్తాయి, వాటిలో ఈ బాధ తక్కువని స్నేహితుడి ఇంట్లో చూశాను. ధర మాత్రం నా దానికి రెట్టింపు. నాలాగా ఒంటరిగా, ఆలస్యంగా, ముందుచూపు లేకుండా బతికేవాళ్లు సాదా రకం కొనవచ్చు, పక్కన మందపాటి పెనం ఉంటే.

నా దాంట్లో ముప్పై సెకన్ల బటన్ మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. మంచు బొమ్మ మాత్రం నిన్న అంటించినట్టు మెరుస్తోంది.