పెద్ద నివేదికలకు లిబ్రేఆఫీస్ రైటర్: ఏళ్లుగా వాడిన అనుభవం

నల్గొండ జిల్లా భూగర్భజలాల నాణ్యతపై నివేదికలు రాయడం నా పని. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పే పట్టికలు, మ్యాపులు, అనుబంధాలు చేరేసరికి ఒక్కో నివేదిక వందల పేజీలవుతుంది. గ్రామస్థుల కోసం తెలుగు, ఇంజనీర్ల కోసం ఇంగ్లిష్ ఒకే ఫైలులో ఉండాలి. టైపు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా చాలు. మధ్యలో ఒక అధ్యాయాన్ని కదిపితే మిగతాది చెదరకుండా నిలుస్తుందా అన్నదే నేను చూసేది.

లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో రాత పనికి ఉన్న రైటర్ ఇక్కడే నా మనసు గెలుచుకుంది. శీర్షికలన్నిటికీ స్టైల్స్, అంటే పేరు పెట్టి దాచుకున్న రూపాలు, పెట్టుకుంటే, ఎఫ్5 నొక్కగానే తెరుచుకునే నావిగేటర్ అనే శీర్షికల జాబితాలో నాలుగో అధ్యాయాన్ని మూడో దాని ముందుకు జరపవచ్చు. లోపలి పేరాలు, పట్టికలు అన్నీ వెంట వస్తాయి. ‘పట్టిక 4.2 చూడండి’ వంటి మాటలను క్రాస్ రిఫరెన్సులుగా, అంటే ఆ పట్టిక సంఖ్యకు ముడిపెట్టి, పెట్టి ఉంటే, ఎఫ్9తో ఆ అంకెలూ సరిపోతాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది దాటిన విలువలకు ఎరుపు రంగు అక్షర స్టైల్ ఒకటి పెట్టుకున్నాను. నలుపు తెలుపు ముద్రణకు వెళ్లేటప్పుడు ఆ స్టైల్‌లో ఎరుపు తీసేసి బోల్డ్ పెడితే చాలు, అన్ని పట్టికలూ మారిపోతాయి. వెడల్పు పట్టికకు అడ్డం పేజీ కావాలన్నా దానికో పేజీ స్టైల్ ఉంటుంది, పేజీ సంఖ్యల వరుస తప్పదు.

తెలుగు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. రైటర్ ఇంగ్లిష్‌కు ఒక ఫాంటు, తెలుగు వంటి లిపులకు వేరే ఫాంటు గుర్తుపెట్టుకుంటుంది. భాషా సెట్టింగుల్లో తెలుగు వంటి లిపుల కోసం ఉన్న కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి, స్టైల్‌లో ఆ భాగంలోనే మండలి లాంటి యూనికోడ్ ఫాంటును, సైజును ఎంచుకోవాలి. ఇంగ్లిష్ ఫాంటు భాగంలో ఎన్ని మార్చినా తెలుగు అక్షరం కదలదు. రెండు సైజులు వేరుగా పెట్టుకోగలగడం నాకు వరం, ఎందుకంటే ఒకే సైజులో తెలుగు వత్తులు ఇరుకుగా కనిపిస్తాయి. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో కొట్టించిన పాత పాఠాన్ని మాత్రం ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

లోటు లేదనను. వేర్వేరు ఫైళ్లలోని అధ్యాయాలను ఒకటిగా కలిపే మాస్టర్ డాక్యుమెంట్ నాకు నచ్చలేదు. ఒక ఫైలు నుంచి మరో ఫైలులోని పట్టికను సూచించడం తలనొప్పి, ఒకే ఫైలులో రాయడమే మేలు. అంతకంటే పెద్ద చిక్కు, అవతలి కార్యాలయం వర్డ్ ఫైలు రూపమైన డాక్స్ (docx) అడిగినప్పుడు వస్తుంది. అక్కడ వర్డ్‌లో తెరిచి, దిద్ది పంపితే శీర్షికల అంకెలు, అడ్డం పేజీలు అటూ ఇటూ అవుతాయి. అందుకే అసలు ప్రతిని రైటర్ సొంత ఫైలు రూపమైన ఓడీటీలోనే ఉంచుకుంటాను. వ్యాఖ్యల కోసం పీడీఎఫ్ పంపి, వచ్చిన సవరణలు నేనే ఎక్కిస్తాను. మీ బృందమంతా వర్డ్‌లోనే దిద్దే పనైతే, మీరూ వర్డ్‌లోనే స్టైల్స్‌తో రాయండి. పేజీ పేజీకి సమీకరణాలుంటే, ఆదేశాలు టైపు చేసి పేజీలు కూర్చే లేటెక్ ఈ రెండింటికన్నా మెరుగు, కాకపోతే దిద్దేవాళ్లకూ అది వచ్చి ఉండాలి.