ఆఫీసులో ఇచ్చిన మ్యాక్‌బుక్: ఏడాదిన్నర వాడాక

పదకొండేళ్లు విండోస్ మీదే పనిచేశాను. కొత్త ఉద్యోగంలో చేరిన రోజే మ్యాక్‌బుక్ చేతికిచ్చారు. మొదటి వారమంతా కాపీ చేద్దామంటే చిటికెన వేలు తనంతట తనే కంట్రోల్ మీదకి పోయేది, ఏమీ జరిగేది కాదు. ఇక్కడ ఆ పని కమాండ్‌ది, అదేమో స్పేస్ బార్ పక్కన బొటనవేలి కింద ఉంటుంది.

సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద మోడిఫయర్ కీస్ అని ఉంటే, అక్కడ కంట్రోల్‌నీ కమాండ్‌నీ తారుమారు చేసేశాను. రెండు నిమిషాల్లో ప్రాణం లేచొచ్చింది. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరిచాక మొదలైంది అసలు తిప్పలు: నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపడానికి కంట్రోల్ సి కావాలి, అది కాస్తా ఇప్పుడు బొటనవేలి కిందకి వెళ్లిపోయింది. కీల పనులు మార్చే కారబైనర్ అనే యాప్ ఉంటే టెర్మినల్‌ని మాత్రం వదిలేసి మిగతా అన్నిచోట్లా మార్చుకోవచ్చు. ఉచితమే, కానీ అడ్మిన్ అనుమతి కావాలి కాబట్టి ఐటీ వాళ్లకి టికెట్ పెట్టి వేయించుకున్నాను. నాలుగు నెలలు బాగానే వాడి, చివరికి తీసేశాను. పక్క సీటు వాళ్ల మ్యాక్ ముట్టుకున్న ప్రతిసారీ నా వేళ్లు మళ్లీ మొదటికొచ్చేవి మరి. తీసేసిన మూడు వారాలకి బొటనవేలు దారికొచ్చింది.

తెరిచిన విండోలన్నిటినీ విడివిడిగా చూపించే ఆల్ట్‌ట్యాబ్ అనే యాప్‌ని మాత్రం ఎవరు చెప్పినా తీయను. మ్యాక్‌లో కమాండ్ ట్యాబ్ యాప్‌లనే చూపిస్తుంది, విండోలని కాదు. ఒకేసారి మూడు ఎక్సెల్ ఫైళ్లు తెరిచి లెక్కలు సరిచూసుకునేవాళ్లకి అది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. మౌస్ స్క్రోల్ దిశ ఒక్కటే మార్చే స్క్రోల్ రివర్సర్ యాప్ కూడా ఉంచాను, ఎందుకంటే సెట్టింగ్స్‌లో నేచురల్ స్క్రోలింగ్ (వేలు కదిలిన వైపే పేజీ కదలడం) ఆపితే మౌస్‌తో పాటు ట్రాక్‌ప్యాడ్ కూడా తిరగబడుతుంది. విండోలని సగం సగం సర్దడానికి వేసుకున్న రెక్టాంగిల్ యాప్ అవసరం తీరిపోయింది, 2024లో వచ్చిన మ్యాక్ వెర్షన్ సెకోయాలో ఆ సౌకర్యం సిస్టమ్‌లోనే ఉంది.

మ్యాక్‌లో ఫైళ్లు చూసే ఫైండర్‌లో ఎంటర్ కొడితే ఫైల్ తెరుచుకోదు, పేరు మార్చమంటుంది. ఫైళ్లకి కట్ పనిచేయదు, కాపీ చేసి కమాండ్ ఆప్షన్ వి నొక్కాలి. వీటిని మార్చే ప్రయత్నం చేయలేదు, నేర్చేసుకున్నాను.

నేను తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరికలో టైప్ చేస్తాను. డి మీద పొల్లు, కె మీద క, అన్నీ ఎక్కడివక్కడే దొరికాయి. భాష మార్చడానికి మాత్రం విండోస్‌లోలా రెండు కీలు కాకుండా, గ్లోబ్ బొమ్మ ఉన్న కీ ఒక్కటే పెట్టుకున్నాను. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా ఇప్పుడు వేలు ఆ మూలకే పోతోంది.