హనుమకొండ ఛందస్సు తరగతి: ద్విపద భేష్, కందం దగ్గర తొందర

హనుమకొండలో ఆదివారం పొద్దున నడిచే ఈ తరగతి ఎనిమిది వారాలది, వారానికి రెండు గంటలు. డీఎస్సీకి చదివేవాళ్ళు, పాటలు రాసే కుర్రాళ్ళు, అవధానాలు చూసి పద్యం మీద మనసు పారేసుకున్నవాళ్ళు ఎక్కువగా చేరుతున్నారు. పాటలవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. పరీక్షవాళ్ళకు సరిపోతుంది. పద్యం రాయాలనుకునేవాళ్ళకు మాత్రం సగం దారిలో దింపేస్తుంది.

మొదటి రోజే గణాలను గుర్తుపెట్టుకునే 'యమాతారాజభానసలగం' సూత్రం బట్టీ పట్టించకుండా, రెండేసి పాదాల (వరసల) ద్విపదతో మొదలుపెట్టడం ఈ తరగతికి పెద్ద బలం. పాలకుర్తి సోమన ద్విపదలో పురాణం చెప్పిన ప్రాంతం ఇది, ఇక్కడ అంతకన్నా సరైన మొదలు లేదు. గణమంటే గురువులు (U, పలకడానికి రెండు మాత్రలు), లఘువులు (I, ఒక మాత్ర) చేరిన గుంపు. పాదానికి మూడు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), ఒక సూర్యగణం (మూడు మాత్రలది). మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అది యతి. పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. నియమం ఇంతే. బోర్డు మీద రాసిన నమూనా ఇది:

ఓరుగల్లున వాన ఒకసారి కురిసె
చేరువ నున్నట్టి చెరువులు నిండె

మొదటి పాదాన్ని 'ఓరుగ - ల్లున వాన - ఒకసారి - కురిసె' అని విడగొడితే ర (UIU), సల (IIUI), సల, న (III) గణాలు వస్తాయి. గణం మాట మధ్యలో తెగినా తప్పు లేదని కొత్తవాళ్ళకు ఇక్కడే తెలుస్తుంది. యతి ఓ-ఒ, చే-చె. ప్రాస రెండు చోట్లా రేఫ, అంటే 'ర'. 'వాన యొకసారి' అని యడాగమంతో రాస్తే పాతకాలపు పద్ధతికి సరిపోతుంది, గణాలూ మారవు. ఆ ముక్క తరగతిలో చెప్పరు, చెప్పాల్సింది.

ఇక 'నున్నట్టి' గణం నింపడానికి తెచ్చిన మాట, దాంతో అర్థానికి ఒరిగేదేమీ లేదు. దాన్ని కొట్టేసి 'చేరువ ఊళ్లలో చెరువులు నిండె' అని దిద్దించారు. తగణం (UUI) పోయి రగణం వచ్చింది, లెక్క చెడలేదు, ఊళ్ళు కంటికి కనబడుతున్నాయి. వ్యర్థపదం ఏరేయడం ఇంత తొందరగా నేర్పే చోటు అరుదు.

ఆ తర్వాత పాదాలను చప్పట్లతో పాడిస్తారు. ఇంద్రగణాల్లో నలం (IIII), భగణం (UII) నాలుగేసి మాత్రలు, మిగిలిన నాలుగూ ఐదేసి. 'చేరువ', 'చెరువులు' దగ్గర ఒక్కో మాత్ర సాగదీస్తేనే చప్పట్లు కలుస్తాయి. కాగితం మీద లెక్క సరిపోయినా నోట్లో పద్యం ఎందుకు కుంటుతుందో అప్పుడు తెలుస్తుంది. బతుకమ్మ పాటలు చిన్నప్పటి నుంచీ పాడినవాళ్ళు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

గురులఘువుల పాఠం శుభ్రంగా ఉంది. దీర్ఘం, సున్న, విసర్గ, పొల్లు ఉన్నదీ, సంయుక్తాక్షరానికి ముందున్నదీ గురువు. తప్పులన్నీ ఆ చివరి సూత్రం దగ్గరే జరుగుతాయి. 'గ్రామప్రజలు' సమాసం కాబట్టి 'మ' గురువవుతుంది. 'ఊరి ప్రజలు' అన్నప్పుడు 'రి' లఘువుగానే ఉంటుంది. ఇంటిపనిని ఫోన్‌లో గణాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకోమంటారు గానీ ఇలాంటి చోట దాన్నే నమ్ముకోవద్దు, నోటితో విడదీసి చూసుకోవాలి.

సినిమా పాటల అంత్యప్రాస, పద్యంలో రెండో అక్షరపు ప్రాస వేరువేరని చెప్పిన తీరు బాగుంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అనే వృత్తాలు ఒకే పట్టికలో, యతిస్థానాలు వరసగా 10, 11, 13, 14. పరీక్షకు ఆ పట్టిక చాలు.

కందం మాత్రం ఒక్క వారంలో ముగించేశారు. ఇది తగదు. కందంలో మొదటి రెండు పాదాలూ కలిపి ఎనిమిది గణాలు, తర్వాతి రెండూ అంతే. గణాలన్నీ నాలుగేసి మాత్రలవే: గగ (UU), భ (UII), జ (IUI), స (IIU), నల (IIII). బేసి గణంగా జగణం రాకూడదు. ఆరో గణం జ గానీ నలం గానీ కావాలి. ఎనిమిదోది గురువుతో ముగియాలి. నియమాలు బోర్డు మీద రాసేశారు, రాసేటప్పుడు చెయ్యి ఎక్కడ జారుతుందో చూపలేదు. 'జనాలు', 'పదాలు', 'గుణాలు' అన్నీ జగణాలే, తెలియకుండా బేసి స్థానంలోకి దూరిపోతాయి.

ఊళ్ళ పేర్లతో చెబితే గంటలో అర్థమయ్యేది. 'ఓరుగల్లు'తో కందపాదం మొదలుపెట్టలేం, 'ఓరు' మూడు మాత్రలయ్యాక 'గ' గురువై ఐదుకు దూకుతుంది. 'హనుమకొండ'దీ అదే చిక్కు. 'కరీంనగర్' జగణంతో మొదలవుతుంది, కనక పాదం మొదట్లో కుదరదు. 'భూపాలపల్లి' హాయిగా కూర్చుంటుంది: 'భూపా' గగ, 'లపల్లి' జగణం, అదీ రెండో స్థానంలో. 'జనగామ'లో 'జనగా' సగణం. ఓరుగల్లే కావాలంటే 'మా ఓరుగల్లు' అనాలి: 'మాఓ' గగ, 'రుగల్లు' జగణం. ఒక్క 'మా' చేర్చితే తోవ దొరికింది.

కరీంనగర్ జిల్లా కురిక్యాల బొమ్మలగుట్ట మీద కన్నడ కవి పంప తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన పదో శతాబ్దపు శాసనంలో తెలుగు కందాలున్నాయి. నోట్సులో దాని ఊసే లేదు. ఈ నేల మీద ఛందస్సు నేర్పుతూ దాన్ని వదిలేయడం పెద్ద లోటు. వృత్తాలకిచ్చిన రెండు వారాల్లో ఒకటి కందానికి మళ్ళిస్తే అన్నీ అమరుతాయి.

ఫీజు అందుబాటులోనే ఉంది. దిద్దిన ఇంటిపని మరుసటి వారమే చేతికొస్తుంది, ఎర్రసిరాతో తప్పు పక్కనే కారణం కూడా రాసి ఇస్తారు. హాలు రోడ్డు వైపు ఉండడంతో హారన్ల మోతలో పద్యం సరిగా వినబడదు. మూడో వరస వెనక కూర్చుంటే బోర్డు మీద గురువేదో లఘువేదో ఆనదు, పది నిమిషాలు ముందే వెళ్ళి ముందు వరస పట్టుకోండి.