చివరి సెకన్లలో ఫౌల్: విజిల్ వేయడం మేలా, వదిలేయడం మేలా?

మా ఊరి కోర్టులో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతూ వాళ్ల మ్యాచ్‌లకు నేనే రెఫరీగా ఉంటాను. తేడా ఒకటి రెండు పాయింట్లు ఉన్నప్పుడు "సార్, ఇప్పుడు చిన్న చిన్న ఫౌల్స్ వదిలేయాలి కదా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు.

ఆ మాటను కొట్టిపారేయలేం. 40 నిమిషాలు చెమటోడ్చినవాళ్లే గెలుపోటములు తేల్చుకోవాలన్నది న్యాయమైన కోరికే. 2024 ఏప్రిల్‌లో అమెరికా కాలేజీ మహిళల సెమీఫైనల్లో యూకాన్ (కనెటికట్ యూనివర్సిటీ) మీద అయోవా 70-69తో ముందుంది, ఇంకా 3.9 సెకన్లున్నాయి. యూకాన్ ఆటగత్తె పెయిజ్ బెకర్స్‌కు దారి చేద్దామని ఆమె సహచరి ఆలియా ఎడ్వర్డ్స్ స్క్రీన్ పెట్టింది, అంటే డిఫెండర్‌కు అడ్డంగా నిలబడింది. అలా నిలబడ్డవాళ్లు కదలకూడదు, ఆమె కదిలిందని విజిల్ పడింది. యూకాన్‌కు ఆఖరి షాటే దక్కలేదు. 71-69తో ఓడిపోయింది. ఆ రోజు నాకూ మనసు చివుక్కుమంది.

కానీ విజిల్ వేయకపోవడం కూడా తీర్పే. 2019 అమెరికా కాలేజీ పురుషుల సెమీఫైనల్లో వర్జీనియా మీద ఆబర్న్ 62-60తో గెలిచేసినట్టే ఉంది. 0.6 సెకన్లుండగా మూల నుంచి షాట్ వేస్తున్న వర్జీనియా ఆటగాడు కైల్ గైని ఆబర్న్ ఆటగాడు సమీర్ డౌటీ ఒంటితో గుద్దాడు. ఫౌల్ ఇచ్చారు, గై మూడు ఫ్రీ త్రోలూ వేశాడు, వర్జీనియా 63-62తో గెలిచింది. అది సరైన విజిలే. ఆబర్న్‌కు నిజంగా అన్యాయం జరిగింది అంతకు కొద్ది క్షణాల ముందు. వర్జీనియా ఆటగాడు టై జెరోమ్ చేజారిన బంతిని రెండు చేతులా పట్టుకుని మళ్లీ డ్రిబుల్ చేశాడు (నేలకు కొడుతూ ముందుకెళ్లాడు). అది నియమ విరుద్ధం, అయినా విజిల్ పడలేదు.

నా మట్టుకు అసలు విషయం దెబ్బలు. వెనకబడ్డ జట్టు గడియారం ఆపడానికి కావాలనే ఫౌల్ చేస్తుంది. మొదటి తాకిడికే విజిల్ పడాలి. ఒకసారి నేను ఊరుకున్నాను. వెనకబడ్డ జట్టులోని ఒక అమ్మాయి బంతి ఉన్న అమ్మాయి మణికట్టు మీద తట్టింది, నేను వేయలేదు. మళ్లీ తట్టింది, వేయలేదు. మూడోసారి జెర్సీ పట్టి లాగింది. ఇద్దరూ సిమెంటు కోర్టు మీద పడ్డారు, ఒకరి మోచేయి చీరుకుపోయింది. ఆ తప్పు నాదే.

వీడియో రివ్యూ ఉన్నచోట మంచిదే, మన కోర్టుల్లో కెమెరాలెక్కడివి? 2015 నుంచి అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఇస్తున్న చివరి రెండు నిమిషాల నివేదికలు తప్పు ఒప్పుకుంటాయి గానీ స్కోరు మార్చవు. గడియారం తీసేసి లక్ష్యం స్కోరు పెట్టే ఎలమ్ పద్ధతి వేరే ఆట.

బంతికి దూరంగా, ఎవరికీ లాభనష్టాలు లేని రాపిడి అయితే వదిలేస్తాను. దాన్ని మొదటి క్వార్టర్‌లోనూ వదిలేస్తాను. ఎడ్వర్డ్స్ స్క్రీన్ అలాంటిది కాదు. డిఫెండర్ వెళ్లే దారిలోకే కదిలింది. నేనక్కడున్నా విజిల్ వేసేవాణ్ణి.